చెరువు ఉంటేనే పానగల్లు

పానగల్లుకు వచ్చెటోళ్లు చానామంది నీడను చూసెతందుకే వస్తరు. ఛాయా సోమేశ్వరుని గుడిల లింగం మీద పొద్దుందాక కదలకుండ నిలవడే నీడ. చూస్తరు, ఫోన్ల ఫొటో కొడ్తరు, "ఆ కాలంల ఎట్ల కట్టిన్రో" అని ముక్కున వేలేసుకుంటరు, కారెక్కి పోతరు. గుడి దగ్గర్ల గంత పెద్ద చెరువు ఎందుకున్నది, గుడి ముందా చెరువు ముందా, ఇయ్యాల ఆ నీళ్లు ఎవ్వల నోట్లెకు పోతున్నయి అని అడిగెటోళ్లు తక్కువ.

అడగాలె. ఎందుకంటె పానగల్లు అందం మొత్తం ఆ చెరువు మీదనే నిలవడ్డది. చెరువును ఒక కాడ, గుడిని ఒక కాడ, ఊరిని ఒక కాడ పెట్టి చూస్తె మూడింట్ల ఏదీ సమజ్ గాదు.

నల్లగొండ పట్నానికి నాలుగు కిలోమీటర్ల దూరంల ఉంటది పానగల్లు. పట్నం పెరుక్కుంట వచ్చి ఇప్పుడు దీన్ని కలుపుకున్నది గని, పేరున్న ఊరు ముందు ఇదే. 11, 12 శతాబ్దాలల్ల పానగల్లు ఒక రాజ్యానికి రాజధాని. ఏలినోళ్లు కందూరు చోడులు. కళ్యాణి చాళుక్యుల కింద సామంతులుగ ఉండి, ఇప్పటి నల్లగొండ, పాలమూరు దిక్కు ఊర్లను ఏలిన్రు.

రాజధాని అంటె నది ఒడ్డున ఉంటదని బడిల చదువుకున్నం. మరి పానగల్లుకు నది ఏడిది? ఉత్తరాన మూసి, దక్షిణాన కృష్ణ, రెండూ దూరమే. నేల చూస్తె రాతి నేల. ఏడాదికి పడే వాన 750 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అది గూడ మూడు నాలుగు నెలలల్లనే పడ్తది. పడ్డ వాన రాయి మీద నిలవదు, జారి పోతది. ఇసొంటి కాడ ఒక రాజధాని కట్టాల్నంటె ముందు నీళ్లను ఆపాలె. గట్ల ఆపిన నీళ్లే ఉదయసముద్రం. ఉదయ అనే పేరున్న చోడరాజు మీద ఆ పేరొచ్చింది. చెరువును సముద్రం అన్నరంటె గొప్పలకు పోయిన్రని అనుకోవద్దు. నది లేని సీమల గంత నీళ్లను ఒక్క కాడ చూసిన మనిషికి అది సముద్రమే.

చెరువు ఎట్ల పనిచేస్తదో ఇప్పటి పిల్లలకు జర ఇడమర్చి చెప్పాలె. రెండు బోళ్ల నడిమిట్ల నీళ్లు పారే తొవ్వ చూసి అడ్డంగ మట్టికట్ట పోస్తరు. కట్టకు లోపలి దిక్కు అలలు కొట్టి కోసుకపోకుండ రాళ్లు పేరుస్తరు. కట్ట కిందికెళ్లి పొలాలకు నీళ్లు ఇడిసెటందుకు తూము ఉంటది. చెరువు నిండినంక మిగిలిన నీళ్లు కట్టను తెంపకుండ పోయెటందుకు అలుగు ఉంటది, మత్తడి అని గూడ అంటం. ఈ చెరువు అలుగు పోసిన నీళ్లు కింది చెరువుకు చేరుతయి, ఆ చెరువు నిండితె దాని కింది చెరువుకు. దీన్నే గొలుసుకట్టు అన్నరు. నీళ్లు నిలిచే జాగ శిఖం, నీళ్లు పారే పొలం ఆయకట్టు. తూము తీసుడు, మూసుడు, ఎవ్వల మడికి ఎంత అని చూసుడు నీరటోళ్ల పని.

ఇది ఒట్టి మట్టి పని గాదు, పెద్ద లెక్క. ఎంత జాగల పడ్డ వాన ఈడికి వస్తది, కట్ట ఎంత ఎత్తు ఉండాలె, అలుగు ఎంత ఎడల్పు ఉంటె పెద్దవానకు తట్టుకుంటది, ఇవన్నీ లెక్కగట్టినంకనే పార ఎత్తాలె. తొమ్మిది వందల ఏండ్ల కింద ఈ లెక్క తెలిసిన మనుషులు మన ఊర్లల్ల ఉన్నరు. చెరువు తవ్విచ్చినోళ్లకు, బాగుచేసినోళ్లకు దాని కింద పారే భూమిల కొంత మాన్యంగ ఇచ్చే పద్ధతి ఉండేది. దశబంధం అన్నరు దాన్ని. చెరువు మంచిగుంటెనే ఆ భూమి పండుతది. పండాల్నంటె చెరువును చూసుకోవాలె. కాపాడుడును కడుపుకు ముడేసిన్రన్నట్టు.

అయితె శాసనాలల్ల రాజు పేరుంటది, రాణి పేరుంటది, దానం తీసుకున్నోళ్ల పేర్లుంటయి. కట్ట పోసినోళ్ల పేర్లు దొరకయి. మట్టి తవ్వినోళ్లు, రాయి కొట్టినోళ్లు, గంపలెత్తిన ఆడోళ్లు, వాళ్లెవ్వలూ రాతికెక్కలె. వాళ్ల సంతకం ఆ కట్టనే.

రాతికెక్కిన దాన్ని గూడ జర పదిలంగ చదవాలె. హనుమకొండ వెయ్యిస్తంభాల గుడి కాడ 1163 నాటి కాకతీయ రుద్రదేవుని శాసనం ఉన్నది. చోడోదయుడు, అంటె మన ఉదయచోడుడు, రుద్రదేవుని భయానికే సచ్చిపోయిండని అందుల చెక్కిచ్చిన్రు. గెలిచినోడు రాయిచ్చుకున్న మాట అది. ఓడినోని మాట ఏడున్నదంటె, ఇగో, పానగల్లుల చెరువు రూపంల, గుడి రూపంల ఉన్నది. ఆ తర్వాత ఈ సీమ కాకతీయుల చేతికి పోయింది. పాకాల, రామప్ప, లక్నవరం అని కాకతీయుల చెరువుల గురించి గొప్పగ చెప్పుకుంటం, చెప్పుకోవాలె గూడ. కని వాళ్లకంటె ముందే తెలంగాణల చెరువు కట్టే విద్య ఉన్నదని పానగల్లు సాక్ష్యం చెప్తది.

ఇగ నీడ ముచ్చటకొద్దాం. ఛాయా సోమేశ్వరాలయం త్రికూటాలయం. మూడు గర్భగుళ్లు, నడిమిట్ల స్తంభాల మండపం. ఒక గర్భగుడిల లింగం మీద పొద్దంత నీడ ఉంటది. పొద్దు తూర్పు నుంచి పడమరకు పోతది గని నీడ కదలదు. దేవుని మహిమ అని మొక్కేటోళ్లు మొక్కుతరు, వాళ్ల నమ్మకం వాళ్లది. ఎట్ల పడ్తదో తెలుసుకుంటె మాత్రం కట్టినోళ్ల మీద గౌరవం ఇంకింత పెరుగుతది.

ఎండ నేరుగ లోపలికి వస్తె నీడ పొద్దుతోని తిరుగుతది. ఈడ ఎండ నేరుగ రాదు. బయటి వెలుతురు చెదిరి, మండపం సందులల్ల నుంచి లోపలికి వస్తది. వెలుతురు వచ్చే సందు కదలదు, అడ్డమున్న స్తంభం కదలదు, ఇగ నీడెట్ల కదుల్తది? ఒక్క దిక్కు నుంచి గాక వేరే వేరే దిక్కుల నుంచి వచ్చే వెలుతురుకు స్తంభాల నీడలు ఒకే కాడ కలిసి పడేటట్టు వాటిని నిలవెట్టిన్రు. అందుకె ఇది ఫలాన స్తంభం నీడ అని చూపియ్యలేరు. మీ ఇంట్ల గూడ చూసుకోవచ్చు. ఎండ తలగని ఒక్క కిటికీ ఉన్న అర్రల, కిటికీకి గోడకు నడుమ ఒక బిందె పెట్టుండ్రి. పొద్దుగాల చూడుండ్రి, మాపటీలి చూడుండ్రి. గోడ మీద మసక నీడ ఉన్న కాడనే ఉంటది. గదే సంగతిని తొమ్మిది వందల ఏండ్ల కింద రాళ్లతోని, బరువులు మోసుకుంట, ఒక్క గీత తప్పకుండ చేసిన్రు. మహిమ ఉన్నదంటె ఆ చేతులల్ల ఉన్నది.

ఊర్లనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం ఇంకో తీరు. దానికి నాలుగు గర్భగుళ్లు, వాటికి కలిపి ఒక పెద్ద మండపం. నల్లరాతి స్తంభాల మీద, గోడల మీద రామాయణం, భారతం, శివుని కథలు వరుసగ చెక్కి ఉన్నయి. చదువురానోళ్లకు గూడ కథ సమజయ్యేటట్టు రాతి మీద బొమ్మల పుస్తకం పరిచినట్టుంటది. పక్కపొంటే ప్రభుత్వ మ్యూజియం ఉన్నది. చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు, శాసనాలు అండ్ల పెట్టిన్రు. ఛాయా సోమేశ్వరం చూసి ఎల్లిపోయెటోళ్లు చానామంది ఈడిదాక రానే రారు. వచ్చి ఒక్క గంట కూసుంటె, ఎనకటి మనుషులు ఏం బట్ట కట్టిన్రు, ఏం వాయిద్యం వాయించిన్రు, ఏ ఆయుధం పట్టిన్రు అన్నీ కండ్లకు కనవడ్తయి.

ఇంతవరకు ఎనకటి సంగతి. అసలు ముచ్చట ఇప్పుడు జెప్త.

నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది గుళ్లతోని గాదు, ఫ్లోరైడ్‌తోని. ఈ నేల అడుగున ఉన్న గ్రానైట్ రాయిల ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటయి. నీళ్లు ఆ రాతి పగుళ్లల్ల ఏండ్లకేండ్లు నిలిస్తె ఫ్లోరైడ్ నీళ్లల్ల కలుస్తది. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని హద్దు. అది దాటిన నీళ్లు చిన్నప్పటి సంది తాగితె పండ్లు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతయి. ఎక్కువ ఏండ్లు తాగితె బొక్కలు గట్టిపడి వంగయి, నడుము వంగిపోతది, కీళ్లు పట్టుకుంటయి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు తరాలకు తరాలు గట్లనే వంగిపోయినయి. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గిచ్చే పద్ధతి ఒకటి నాగపూర్ల ఉన్న నీరి సంస్థ కనిపెట్టింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికాల టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా ఆ పేరు పోయింది. మన ఊరి పేరు మన రోగంతోని దేశదేశాలు తిరిగిందన్నట్టు.

చెరువుకు దీనికి సంబంధం ఏంది? చానా ఉన్నది. చెరువు నీళ్లు పైన పడ్డ వాన నీళ్లు. రాతి లోపల ఏండ్ల తరబడి నాననియి. వాటిల్ల ఫ్లోరైడ్ తక్కువ. చెరువులు మంచిగున్నన్ని దినాలు వాన నీళ్లు ఊట పట్టి బాయిలల్లకు దిగుతుండె, ఉన్న ఫ్లోరైడ్‌ను పల్చగ చేస్తుండె. చెరువులు పూడి, కట్టలు తెగి, శిఖాలు కబ్జాలైనంక జనం బోర్లకు దిగిన్రు. వంద ఫీట్లు, మున్నూరు ఫీట్లు, ఇంకా కిందికి. ఎంత లోతుకు పోతె అంత పాత నీళ్లు, అంత ఎక్కువ రాతి సావాసం. చెరువు పోయిన కాడికి బోరు వచ్చింది, బోరుతోని ఫ్లోరైడ్ ఇంట్లెకు వచ్చింది.

ఇండ్ల మండే ముచ్చట ఇంకోటి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10 నాడు నెహ్రూ పునాదిరాయి ఏసిండు. డ్యాం మన జిల్లాలనే. ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పల్లానికి పారినయి. నల్లగొండ, మునుగోడు, దేవరకొండ దిక్కు నేల ఎత్తు మీద ఉన్నది, కాలువ నీళ్లు ఎక్కవు. పక్కన కృష్ణ నిండుగ ఉన్నది, ఈడ పిల్లల కాళ్లు వంకరవోతున్నయి. ఎక్కియ్యాల్నంటె మోటర్లు పెట్టాలె, లేకపోతె సొరంగం తవ్వాలె. రెండిటికీ పైసలు గావాలె, పైసలకు మనసు గావాలె.

ఆ మనసు పుట్టిచ్చెటందుకే 1996ల నల్లగొండ జనం ఒక పెద్ద పని చేసిన్రు. దుశ్చర్ల సత్యనారాయణ ముందు నిలవడ్డ జలసాధన సమితి పిలుపుతోని లోక్‌సభ ఎన్నికలల్ల నామినేషన్లు గుప్పిచ్చిన్రు. ఒక్క నల్లగొండ సీటుకు 480 మంది పోటీల నిలవడ్డరు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది. ఎన్నిక వాయిదా వేయక తప్పలె. దేశమంత నల్లగొండ దిక్కు తిరిగి చూసింది. ఆ ఏడే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచిన్రు. నీళ్లడిగినోళ్లకు నీళ్లకంటె ముందు ఫీజు పెంచి ఇచ్చిన్రు, గిది మన ప్రజాస్వామ్యం.

ఆ కొట్లాటల తర్వాత కృష్ణ నీళ్లు ఎక్కినయి. సాగర్ ఎనుక జలాల కాడ పుట్టంగండిల మోటర్లు పెట్టి ఎత్తిపోస్తరు. అక్కంపల్లి రిజర్వాయర్‌కు చేరుతయి. అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ పొంటి పారుకుంట వచ్చి ఏడ నిలుస్తయో తెలుసా? పానగల్లు ఉదయసముద్రంల. చోడరాజులు చూసి పెట్టిన అదే జాగ ఇయ్యాల ఒకటిన్నర టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అయ్యింది. ఒకటిన్నర టీఎంసీ అంటె దగ్గర దగ్గర 4,250 కోట్ల లీటర్లు. నల్లగొండ పట్నం, చుట్టుపక్కల ఊర్లు తాగేది ఈ నీళ్లే. ఈడికెళ్లే బ్రాహ్మణవెల్లెంల దిక్కు నీళ్లు ఎత్తిపోసే పథకాన్ని 2024 డిసెంబర్‌ల మొదలువెట్టిన్రు. అందుకె ఉదయసముద్రం ఎనకటి వస్తువు గాదు. పొద్దున్నే మీ నల్లాల వచ్చే బిందె నీళ్లు అది.

ఈ నీళ్లకు ఇంకో ఖరీదు గూడ ఉన్నది. మోటర్లు లేకుండ శ్రీశైలం నుంచి నీళ్లు వాటంతట అవే పారాలని 44 కిలోమీటర్ల ఎస్ఎల్బీసీ సొరంగం తవ్వుడు మొదలువెట్టి ఏండ్లు గడిచినయి. 2025 ఫిబ్రవరి 22 నాడు దోమలపెంట కాడ ఆ సొరంగం పైకప్పు కూలి 8 మంది లోపలనే చిక్కుకపోయిన్రు. ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పనికొచ్చిన బిడ్డలు వాళ్లు. మన దూప తీర్చెటందుకు వచ్చి పాణాలిచ్చిన్రు. ఎనకటి కట్ట పోసినోళ్ల పేర్లు లెవ్వని బాధపడ్డం గదా, వీళ్ల పేర్లనన్న ఏదో ఒక కాడ రాతి మీద చెక్కియ్యాలె.

ఇప్పుడు అందం ముచ్చట. చెరువు కనవడంగనే లీడర్లకు రెండే యాదికొస్తయి. ఒకటి ట్యాంక్‌బండ్, రెండు బోటు. కట్ట మీద టైల్స్, రంగుల లైట్లు, సెల్ఫీ పాయింట్, దాని ముంగట పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు. జనం సాయంత్రం నాలుగు అడుగులు నడిచెటందుకు జాగ కోరుకునుడు తప్పు గాదు. పేదోళ్ల పిల్లలకు పైసల్లేకుండ గాలి పీల్చుకునే కాడు ఉండాలె. కని కట్ట అనేది నీళ్లను ఆపే గోడ. దాని మీద ఎంత బరువు పెడ్తున్నం, ఏడ తవ్వుతున్నం అన్నది ఇంజినీర్లు చూసి చెప్పాలె, కాంట్రాక్టర్ గాదు. తాగే నీళ్ల చెరువు పక్కన హోటల్ పెడ్తె దాని మోరీ ఏ దిక్కు పోతదో ముందుగాల చెప్పాలె. రాత్రంత లైట్లు ఏస్తె పక్షులు ఏడ ఒరగాలె?

చేపలోళ్ల ముచ్చట ఎవ్వలూ తియ్యరు. చెరువు అంటె బొచ్చెలు, రవ్వలు, కొర్రమట్టలు గూడ. ముదిరాజులు, గంగపుత్రులు వల ఇసిరితెనే చెరువు బతికున్నట్టు. సుందరీకరణ పేరు మీద వలను దూరం కొట్టి ఆడ స్పీడ్‌బోట్ తిప్పితె, టికెట్ కొన్నోనికి సంబురం, ఊరోనికి ఉపాసం. బతుకమ్మను సాగదోలే రేవు, గొడ్లకు నీళ్లు తాపే జాగ, ఇవి గూడ వారసత్వమే. రాతిది ఒక్కటే వారసత్వం అనుకుంటె సగం పోగొట్టుకున్నట్టు.

నాకు తెలిసి చెయ్యాల్సిన పనులు పెద్ద ఖర్చుయి గావు. చెరువు నిండితె నీళ్లు ఏడిదాక వస్తయో ఆ హద్దుకు, అంటె ఎఫ్‌టీఎల్‌కు, రాళ్లు పాతి, సర్వే పటం ఊరందరికి కనవడేటట్టు పంచాయతీ గోడ మీద, వార్డు ఆఫీసు గోడ మీద పెట్టాలె. 25 ఎకరాలు దాటిన చెరువుకు ఆ హద్దు మీదికెళ్లి 30 మీటర్ల దాక కట్టుడు పని చెయ్యొద్దని నిబంధన ఉన్నది, దాన్ని చిన్నోనికి పెద్దోనికి ఒక్క తీరుగ నడపాలె. ఒక్క మోరీ గూడ చెర్ల కలువొద్దు. నీళ్ల పరీక్ష ఫలితం నెలకొక్కసారి తెలుగుల బోర్డు మీద రాయాలె. గుళ్ల కాడ, మ్యూజియం కాడ ఏ శాసనంల ఏమున్నదో మన మాటల రాసిపెట్టాలె. ఊరి పొల్లగాండ్లకు, పొల్లలకు చదువు చెప్పిచ్చి గైడ్లుగ పెడ్తె నాలుగు పైసలు వాళ్లింట్ల పడ్తయి. చెరువు మీద ఏ పని పెట్టినా చేపల సొసైటీతోని, కింది రైతులతోని కూసుండి మాట్లాడినంకనే పెట్టాలె.

ఇవన్నీ ఎందుకు జెప్తున్ననంటె, 2021ల రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినంక అందరి సూపు మన గుళ్ల మీద పడ్డది. మంచిదే. రేపు పానగల్లు మీద గూడ పడ్తది. అప్పుడు వచ్చే పైసలు చెరువును చూసుకుంట వస్తయా, చెరువును మింగుకుంట వస్తయా అన్నది ఇప్పుడే తేలాలె.

మీరు పోవాల్నంటె దూరమేం గాదు. హైదరాబాద్ నుంచి నల్లగొండ వంద కిలోమీటర్లు, ఆడికెళ్లి పది నిమిషాలు. చలికాలం పొద్దుగాలనే పోతె మంచిగుంటది. ముందు కట్ట ఎక్కుండ్రి. ఒక దిక్కు నీళ్లు, ఒక దిక్కు పచ్చటి పొలాలు, మధ్యల మీరు. రాజధాని ఈడ ఎందుకు పుట్టిందో ఎవ్వలూ చెప్పకుండనే తెలుస్తది. ఆ తర్వాత నీడ గుడికి పోయి స్తంభాల నడుమ వెలుతురు ఎటునుంచి వస్తున్నదో చూడుండ్రి. అటెన్క పచ్చల సోమేశ్వరం, మ్యూజియం. మ్యూజియానికి సెలవు ఏ దినమో ముందే కనుక్కోని పోవాలె. మీ ఎంట తెచ్చిన ప్లాస్టిక్ సీసను మీ ఎంటనే తీస్కపోవాలె. ఆ చెరువు నీళ్లు తాగెటోళ్లు లక్షల మంది ఉన్నరు.